సర్కార్ దాదా చేపలకి అమ్మోరు పోసింది

మొన్న పర్సుడీహ్‌లో మా అమ్మాయి ఇంటికి వెళితే వంటింటి గట్టు కింద ఒక ప్లాస్టిక్ బకెట్లో రెండు చేపలు తిరుగుతూ కనిపించాయి. ముందు గదిలో అంత పెద్ద అక్వేరియం పెట్టుకుని వీటిని ఇక్కడ మూల పడేసిందేమిటి, ఉద్యోగం హడావిడిలో తీరిక దొరకలేదు కాబోలు అనుకున్నాను. కూతురింటికి వెళ్ళి చేతులు ముడుచుకుని కూర్చునే తల్లిని కాదు నేను. బకెట్ ఎత్తుకుని ముందు గదిలోకి నడిచి, అక్వేరియం మూత తీశాను. స్నానాల గదిలోంచి తడి తలతో పరుగెత్తుకొచ్చింది పిల్ల. "మమ్మీ! రుకో! మత్ డాలో!" అని బకెట్ లాక్కుంది. దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంది నా చెయ్యి.

"ఏమిటే, నీ చేపల్ని నీ తొట్టెలోనేగా వేస్తున్నాను" అన్నాను. "నయీ మఛ్‌లీ హై మమ్మీ. కుఛ్ దిన్ అలగ్ రఖ్‌నా పడ్తా హై. బీమారీ లేకే ఆతీ హై" అంది. నేను తెలుగులో అడగడం, అది హిందీలో చెప్పడం మా ఇంట్లో ఎప్పుడో స్థిరపడిపోయిన పద్ధతి. తల తుడుచుకుంటూ నాకు పాఠం చెప్పింది. కొత్త చేప ఒంటిమీద కంటికి ఆనని పురుగు ఉండవచ్చునట. చర్మంలో దూరి తెల్ల చుక్కలా పైకి తేలుతుందట. కడుపు నిండాక రాలిపోయి, అడుగున గులకరాళ్ళలో పడి పిల్లల్ని పెడుతుందట. ఆ పిల్లలన్నీ ఈదుకుంటూ మళ్ళీ చేపల్ని వెతుక్కుంటాయట. అందుకని కొత్తగా వచ్చినవాటిని కొన్నాళ్ళు విడిగా ఉంచి కనిపెట్టాలి. చుక్కలు వస్తే నీళ్ళు కొంచెం వెచ్చబరిచి ఉప్పు వేస్తే చాలావరకు దారికొస్తుంది, చల్లటి నీళ్ళలో మాత్రం తిష్ఠ వేసుకుని కూర్చుంటుంది. "గరమ్ పానీ ఔర్ నమక్. బస్" అని తేల్చేసింది.

నేను సోఫాలో కూలబడ్డాను. వెచ్చదనం, ఉప్పు. ఆ రెండూ మా ఇంట్లో లేక కాదు. ఆ రెండింటినే వెతికి వెతికి ఇంట్లోంచి తరిమేశాం మేము. ఏమైందని పిల్ల అడిగితే చేపల సంగతి చెప్పాను, కడుపు పట్టుకుని నవ్వింది. మా నానమ్మ సంగతి చెప్పలేదు. అది చెబితే నవ్వదని తెలుసు.

నా చిన్నప్పుడు మేము జంషెడ్‌పూర్ సీతారామ్‌డేరాలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. ముందు ఒక గది, వెనక ఒక గది, వంటిల్లు, వెనక వరండాలో కుళాయి. రెండు గదులకీ మధ్య తలుపు లేదు, అమ్మ పాత చీరతో కుట్టిన కర్టెన్ ఉండేది. ఆ కర్టెన్ పక్కనే నానమ్మ మంచం. ముందు గదిలోకి ఎవరొచ్చినా మొదట ముక్కుకి తగిలేది బొగ్గుల పొయ్యి వాసన, దాని వెనకే నానమ్మ చుట్ట వాసన. ఆవిడ మా సోంపేట వైపు ఆడవాళ్ళందరిలాగే అడ్డపొగ తాగేది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. కొత్తవాళ్ళు చూసి గుడ్లు తేలేసేవారు. నాన్నకి అది నామోషీ. మిల్లులో పనిచేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నలుగురిలో హిందీ తప్పుల్లేకుండా మాట్లాడే మనిషి. తల్లిని ఏమీ అనలేక, అతిథి వస్తున్నాడంటే ముందుగా వెళ్ళి కిటికీలు తెరిచేవాడు.

నానమ్మతో ఇంకో ఇబ్బంది, ఆవిడకి అబద్ధం చేతకాదు. నీతి కోసమని కాదు, ఆ విద్యే రాదు. పక్కింటావిడ పంచదారకి వస్తే, నిండుకుందని చెప్పమని అమ్మ వంటింట్లోంచి సైగ చేసేది. నానమ్మ గుమ్మంలో నిలబడి "ఉంది గానమ్మా, ఇవ్వొద్దంతంది మా కోడలు" అనేది. తెలుగూ హిందీ ఒరియా కలగలిపి మాట్లాడినా ఇలాంటివి మాత్రం అందరికీ చక్కగా అర్థమయ్యేవి. అమ్మ ఎన్నిసార్లు తల బాదుకుందో.

సర్కార్ దాదా మా లైన్లో చివరి క్వార్టర్లో ఉండేవాడు. నాన్నకి మిల్లులో పని నేర్పినవాడు ఆయనే. పెళ్ళి చేసుకోలేదు. ఆయన సంసారమంతా ఒక అక్వేరియం. అందులో ఆరో ఏడో ఏంజిల్ చేపలు, వాటిలో ఒకటి నల్లది, నా అరచేయంత ఉండేది. దాదా నీళ్ళలో వేలు ముంచితే వచ్చి వేలి చుట్టూ తిరిగేది. చేప మనిషిని గుర్తుపడుతుందని నేను మొదట చూసింది అక్కడే. ఆయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయి, రానురాను ఆ నల్లదాన్ని కూడా నీడలాగే చూసేవాడు. ఆపరేషన్‌కి కలకత్తాలో అక్కగారింటికి వెళుతూ, లైన్లో అంతమంది ఉండగా, ఆ తొట్టెను మా నాన్నకి అప్పగించాడు. ఆయన మాట్లాడేది బెంగాలీ యాస హిందీ, నేను తెలుగులో రాసుకుంటున్నాను. "ఉన్నది ఉన్నట్టు ఉంచు అప్పారావ్. కొత్తగా ఏమీ వెయ్యకు" అన్నాడు. అదొక్కటే ఆయన చెప్పిన జాగ్రత్త.

నాన్న పొంగిపోయాడు. ముందు గది మొత్తం సర్ది, దేవుడి పటాల బల్లమీద తొట్టె పెట్టించి, పటాల్ని గోడకెక్కించాడు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేస్తే తప్ప చేపలకి మేత వేసేవాడు కాదు. లైన్లో పిల్లలూ పెద్దలూ వచ్చి చూసిపోయేవారు. "దాదా నా మీద నమ్మకంతో ఇచ్చాడు" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. అంత నమ్మకానికి బదులుగా ఏదైనా చెయ్యాలనిపించడమే ఆయన కొంప ముంచింది. నల్లది ఒంటరిగా ఉందని ఆయనకి తోచింది. దాదా తిరిగొచ్చేసరికి దానికి జోడీ ఉంటే ఎంత సంతోషిస్తాడు! ఒకరోజు జుగ్సలాయి బజార్నుంచి సైకిలు హ్యాండిలుకి ప్లాస్టిక్ సంచి వేలాడదీసుకుని వచ్చాడు. అందులో ఇంకో నల్ల ఏంజిల్.

ఇంట్లో పెళ్ళి సందడి అయిపోయింది. "కొత్త కోడలొచ్చినాది, అలాగే లోపలికి తెచ్చేత్తావేట్రా!" అని నానమ్మ గుమ్మంలో ఆపింది. సంచికి బొట్టు పెట్టి, హారతి తిప్పి, కుడిపక్కనుంచి తొట్టెలోకి దించమంది. నాన్న సంచి కోసి నీళ్ళతో సహా వంచేశాడు. మేము చప్పట్లు కొట్టాం. ఇవాళ మా అమ్మాయి కొత్త చేపని బకెట్లో వేసి అనుమానంగా చూస్తుంది, మేము హారతిచ్చి పిలిచాం. దాని పద్ధతే మంచిదని ఒప్పుకుంటాను. కానీ ఆ సాయంత్రం మా ఇంట్లో ఉన్నంత ఆనందం ఏ బకెట్టూ ఇవ్వదు.

కొన్నాళ్ళకి చేపలు గులకరాళ్ళకి ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత రెక్కలమీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు లేచాయి. నాన్న అద్దానికి ముఖం ఆనించి చూస్తూ ఉండిపోయాడు. నానమ్మ వచ్చి ఒక్కసారి చూసి చెంపలు వేసుకుంది. "ఓలమ్మ, అమ్మోరు తల్లి! ఇదేటో నాకు తెలీదేట్రా? నీకు పోసినప్పుడు ఇలగే లేచినాయి" అంది. నాన్న ముఖం నిండా స్ఫోటకం మచ్చలుండేవి. ఊళ్ళో ఎంతోమంది పిల్లలు పోయిన ఏడాది ఆయన్ని ఒళ్ళో పెట్టుకుని బతికించుకున్నది నానమ్మే. అలాంటి మనిషి చెబితే ఎదురు చెప్పడానికి ఆయనకి నోరెలా వస్తుంది? సగం నమ్మాడో మొత్తం నమ్మాడో గానీ, ఆవిడ చెప్పినట్టల్లా చేశాడు.

అమ్మోరు పోసిన ఇంట్లో ఎలా ఉండాలో అలాగే ఉన్నాం. గుమ్మానికి వేపమండ కట్టాం. తొట్టెలో వేపాకులు, చిటికెడు పసుపు. పోపు పెట్టడం మానేసింది అమ్మ. చేపల కూర సంగతి సరే సరి, ఆ పేరెత్తితేనే నానమ్మ నోరు మూయించేది. అమ్మవారికి ఉప్పు పనికిరాదు కనుక తొట్టె దగ్గరికి ఉప్పు డబ్బా పట్టుకుని వెళ్ళడం కూడా నిషేధం. అన్నిటికంటే ముఖ్యం చలవ. "తల్లికి ఏడి తగలకూడదు" అని నానమ్మ అంటే, దాదా ఎంతో జాగ్రత్తగా అమర్చిన గాజు హీటరు ప్లగ్ నాన్న స్వయంగా పీకేశాడు. అది జంషెడ్‌పూర్ చలికాలం. కుళాయి నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. పైగా కుండలో చల్లార్చిన నీళ్ళు గిన్నెతో పోసేవాళ్ళం. ఆ పురుగుకి మేము చేసిన సేవ దాని సొంత తల్లి కూడా చేసి ఉండదు.

ముందు కొత్తది పోయింది, తర్వాత మిగిలినవి ఒకటొకటిగా వెల్లకిలా తేలాయి. నల్లది అందరికన్నా ఎక్కువ రోజులు పోరాడింది. నానమ్మ దాని ముందు పీట వేసుకుని కూర్చుని, కొంగుతో అద్దం తుడుస్తూ, "తగ్గిపోతాదే నాయినా, తగ్గిపోతాది" అని పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతూనే ఉండేది. అదీ పోయాక వెనక పెరట్లో జామచెట్టు మొదట్లో పూడ్చాం. చలివిడి, పానకం పెట్టి అమ్మవారిని సాగనంపాం. ఆ తర్వాత అలవాటు ప్రకారం అమ్మ ఇల్లంతా కడుగుతూ తొట్టెనీ, గులకరాళ్ళనీ కూడా కాగే నీళ్ళూ ఉప్పూ వేసి తోమింది. చేయవలసిన వైద్యం చేపలు పోయాక చేశామన్నమాట.

నాన్నకి అన్నం సయించలేదు. దాదాకి ముఖం ఎలా చూపించాలన్నదొక్కటే ఆయన బాధ. రెండు రోజులు మంచానికి అడ్డంపడి, మూడో రోజు సైకిలెక్కి మళ్ళీ జుగ్సలాయి వెళ్ళాడు. దగ్గర దగ్గర అవే పోలికలున్న ఏంజిల్ చేపల్ని వెతికి తెచ్చాడు. నల్లది కాస్త చిన్నదే, అయినా నల్లదే. కడిగిన తొట్టెలో అవి హాయిగా తిరిగాయి.

"దాదాకి నీడలే కదా కనిపించేవి, తేడా ఏం తెలుస్తుంది" అన్నాడు నాన్న.

"అందుకే గదరా ఎల్లినాడు, కళ్ళు బాగుసేయించుకోడానికి" అంది నానమ్మ.

"అమ్మా, నువ్వు మాటాడకు. ఎవరూ ఏటీ మాటాడొద్దు. పిల్లలు కూడా."

"నానేటీ మాటాడను. అడిగితే మాత్తరం సెప్తాను."

"నిన్నెవరూ అడగరు" అన్నాడు నాన్న.

దాదా నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. సంచి కూడా ఇంట్లో పెట్టకుండా నేరుగా మా ఇంటికే వచ్చాడు. లైన్లో నలుగురైదుగురు పలకరించడానికి వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అమ్మ టీ ఇచ్చింది. ఆయన కప్పు ముట్టుకోకుండా తొట్టె దగ్గరికి వెళ్ళి అద్దాలు తీశాడు. "అరే వాహ్ అప్పారావ్! ఎంత మెరుస్తున్నాయి! ఇన్నేళ్ళూ వీటి రంగు ఇదని నాకు తెలియనే తెలియదు" అన్నాడు. వచ్చినవాళ్ళు నాన్న భుజం తట్టారు. నాన్న నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను నేలచూపులు చూశాను.

అప్పుడు దాదా చొక్కా చెయ్యి మడిచి, నీళ్ళలో వేలు ముంచాడు. నల్లది రాయి వెనక్కి వెళ్ళి దాక్కుంది. ఆయన వేలు కదిపాడు, బెంగాలీలో ఏదో పేరుపెట్టి పిలిచాడు. అది రాలేదు. చాలాసేపు అలాగే నిలబడి, వేలు బయటికి తీసి పంచె అంచుకి తుడుచుకున్నాడు. "నన్ను మర్చిపోయింది. తప్పు నాదే, ఇన్నాళ్ళు వదిలేసి పోయాను కదా" అన్నాడు. కొత్తగా బాగుపడిన ఆ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న ఏదో అనబోయి, "అవును దాదా, అలవాటు తప్పింది, నాలుగు రోజులుంటే మళ్ళీ వస్తుంది" అన్నాడు.

కర్టెన్ పక్కకి జరిగింది. నానమ్మ నోట్లో చుట్ట తీసి చేత్తో పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది. "నిన్ను మరిసిపోనేదు బాబూ. అది అలాటిది కాదు. అది సచ్చిపోనాది. మాతా ఆయీ థీ. అమ్మోరు పోసినాది. ఇవన్నీ మావోడు బజార్లో తెచ్చినవి" అంది. నాన్న "అమ్మా!" అన్నాడు. ఆవిడ ఆగలేదు. కొత్త కోడల్ని తెచ్చిన దగ్గర్నుంచి అమ్మవారిని సాగనంపేదాకా, వేపాకు, పసుపు, ప్లగ్ పీకడం, ఏదీ వదలకుండా చెప్పింది. గుమ్మంలో ఒకతను కిసుక్కున నవ్వాడు.  చేపలకి అమ్మవారేమిటని రేపు బడిలో పిల్లలంతా నవ్వుతారు. నాన్న చచ్చిన చేపల బదులు కొత్తవి పెట్టి మోసం చేశాడని చెప్పుకుంటారు. రెంటిలో ఏది ఎక్కువ సిగ్గో తేల్చుకోలేక గోడ పట్టుకుని నిలబడ్డాను.

దాదా ఒక్కడే నవ్వలేదు. బెంగాలీవాళ్ళకీ ఆ తల్లి ఉంది కదా. ఆయన చేతులు జోడించి, "మా కీ దయా" అన్నాడు, అంతా ఆ తల్లి దయ అని. ఆయనకి అసలు జబ్బేమిటో తెలియక కాదు, ఆవిడ పెద్దరికానికి ఇచ్చిన మర్యాద అది. "మాజీ, బాగా బాధపడిందా?" అని సొంత తల్లిని అడిగినట్టు నానమ్మని అడిగాడు.

"పడినాది. అబద్దమెందుకు. సివరాకరికి నానే కూకున్నాను దాని కాడ. ఒగ్గీనేదు."

ఆయన తలాడించాడు. నల్లద్దాలు పెట్టుకుని నాన్న వైపు తిరిగాడు. "చెప్పేసి ఉంటే ఒక్కసారే ఏడ్చేవాణ్ని అప్పారావ్. నన్నది మర్చిపోయిందని కూడా ఏడిపించావు" అన్నాడు. గట్టిగా అనలేదు. టీ తాగకుండానే వెళ్ళాడు. తొట్టెను మళ్ళీ తీసుకుపోలేదు, మమ్మల్నే ఉంచుకోమని ఎవరితోనో కబురు పంపాడు.

మిల్లులో వాళ్ళు నాన్నని ఏమన్నారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కొన్నాళ్ళు దాదా క్వార్టరు ముందునుంచి పోకుండా గ్రౌండు చుట్టూ తిరిగి డ్యూటీకి వెళ్ళేవాడు. తన మీద తనకున్న కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియక తల్లి మీద పెట్టాడు. అరవలేదు, అరిచినా బాగుండేది. భోజనాల దగ్గర తల ఎత్తకుండా, "ఇకమీదట ఎవరొచ్చినా నువ్వు ముందు గదిలోకి రాకు. నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు. నానమ్మ ముద్ద కలుపుతూ ఆగి, "అలాగేరా" అంది. మర్నాడు ఆవిడ మంచం వెనక వరండాలోకి, కుళాయి పక్కకి మారింది. అమ్మ అడ్డు చెప్పలేదు. నేను తలగడా మోసుకెళ్ళాను. ఇంట్లో పొగవాసన తగ్గిందని ఆ వారమంతా ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. సిగ్గుపడవలసిన పని చేయని మనిషి ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఆ సిగ్గంతా చుట్టి ఆవిడ మంచం మీద పెట్టి వెనక్కి తోసేశాం. అప్పట్నుంచి పంచదారకి ఎవరైనా వచ్చినా నానమ్మ గుమ్మంలోకి రాలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఇంటికి దాని ఆఫీసువాళ్ళు వస్తారు. నేను ఏదో మాట కలపబోతే "మమ్మీ, ఆప్ రహ్‌నే దో నా" అంటుంది. వద్దులే, ఊరుకో అని. మంచి పిల్ల, ప్రేమగానే అంటుంది. నేనూ నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోతాను. మా రోజుల్లో పెద్దవాళ్ళకి ఎంత విలువుండేదో అని నా ఈడువాళ్ళు మొదలుపెడితే మాత్రం నేను నోరెత్తను. ఆ రోజుల్లో మంచం మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా. అప్పటికన్నా ఇప్పుడే నయమేమో, కనీసం సోఫా నా కిందే ఉంటోంది.

ఆ చలికాలం తర్వాత వచ్చిన దుర్గాపూజ అయ్యాక సర్కార్ దాదా మా ఇంటికి వచ్చాడు. విజయదశమి తర్వాత బెంగాలీవాళ్ళు పెద్దల ఇళ్ళకి మిఠాయి పట్టుకెళ్ళి కాళ్ళకి దణ్ణం పెడతారు. నాన్న కుర్చీ లాగి, కిటికీలు తెరిచాడు. ఇద్దరూ మిల్లు మాటలు కాసేపు మాట్లాడుకున్నారు. నేను వెనక వరండాలో నానమ్మ దగ్గర ఉన్నాను. ఆవిడ మంచం మీద కాళ్ళు చాపుకుని చేటలో బియ్యం ఏరుతోంది. "మాజీ ఎక్కడ? ఆవిడకి దణ్ణం పెట్టుకోవడానికే వచ్చాను" అన్న దాదా మాట స్పష్టంగా వినిపించింది. నానమ్మ చెయ్యి ఆగింది. ముఖం ఒక్కసారి వెలిగింది, చెంగు సర్దుకుంది.

"పడుకుంది దాదా. ఒంట్లో బాగులేదు" అన్నాడు నాన్న.

 నానమ్మ చేట చప్పుడు కాకుండా మంచం కింద పెట్టింది. పడుకుని, దుప్పటి మెడదాకా లాక్కుంది. నేను దగ్గరికి వెళ్ళి "నానమ్మా, జొరమేటే?" అన్నాను.

"ఊరుకోయే" అంది మెల్లగా. "లోపలికొచ్చి సూత్తే మీ నాన్న అబద్దమాడినట్టవుతాది." అని కళ్ళు మూసుకుంది.